తమ్ముడితో కలిసి వియత్నాంను బస్సుల్లో చుట్టిరావచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీకు ఇరవై ఏడేళ్లు, వరంగల్‌లో ఉద్యోగం. తమ్ముడు ఈ మధ్యే ఇంజినీరింగ్ పూర్తిచేశాడు, ఇంకా సంపాదన లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూడు వారాల పాటు వీపున సంచులు వేసుకుని, హనోయ్ నుంచి హో చి మిన్ సిటీ దాకా బస్సుల్లోనే వెళ్లాలని ఇద్దరూ అనుకుంటున్నారు. మీరు శాకాహారి, అతను కాదు. అతనికి బైక్ అద్దెకు తీసుకోవాలని ఉంది, మీకు ఇష్టం లేదు. ఇంట్లోనే తరచుగా కీచులాడుకునే మీరిద్దరూ పరాయి దేశంలో మూడు వారాలు నెగ్గుకురాగలరా అన్నది మీ సందేహం. అమ్మానాన్నలకు ఏం చెప్పి ఒప్పించాలన్నది మరొక సందేహం.

తప్పకుండా వెళ్లండి. వియత్నాం బస్సు ప్రయాణానికి బాగా అనువైన దేశం. దక్షిణాది వేడికి, పల్లె బస్సులకు, వరి అన్నానికి అలవాటు పడిన మనకు అక్కడ మరీ కొత్తగా తోచేది తక్కువ. అయితే నా అనుభవంలో తోబుట్టువుల ప్రయాణాన్ని చెడగొట్టేది డబ్బు కాదు, భాష కాదు, తిండి అసలే కాదు, నిద్రలేమి. అందుచేత మూడు వారాల్లో రెండు రాత్రి బస్సులకు మించి ఎక్కకండి, ఆ రెంటి మధ్య కనీసం వారం రోజుల ఎడం ఉంచండి, మిగిలిన దూరాలన్నీ పగటిపూటే వెళ్లండి. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగతావన్నీ సర్దుకోవచ్చు. పటం చూసి ఊళ్లు ఎంచుకోకుండా, విశ్రాంతిని చూసి ఎంచుకోవాలన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

నేనూ మా చెల్లెలూ ఈ దారిలో రెండు వైపులా బస్సుల్లో తిరిగాము. ఆ తరువాత మా బంధువుల పిల్లలు, స్నేహితుల పిల్లలు వెళ్లినప్పుడు వాళ్ల ప్రయాణాలకు ప్రణాళికలు వేసి ఇచ్చాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

రాత్రి బస్సును ఎందుకు పరిమితం చేయమంటున్నాను? వియత్నాం స్లీపర్ బస్సు మన స్లీపర్ బస్సు లాంటిది కాదు. నిలువుగా మూడు వరుసలు, రెండు అంతస్తులు, వాటి మధ్య ఇరుకైన రెండు నడవలు ఉంటాయి. పడక పూర్తిగా చదునుగా ఉండదు. వీపు కొంచెం ఎత్తుగా ఉంటుంది, కాళ్లు ముందువారి తల కింద ఉన్న పెట్టెలాంటి ఖాళీలోకి చొప్పించాలి. అయిదడుగుల ఏడంగుళాలు దాటిన మనిషికి మోకాళ్లు ముడుచుకోక తప్పదు. మీ తమ్ముడు పొడగరి అయితే ఈ విషయం ముందే చెప్పి ఉంచండి. ఎక్కేటప్పుడే చెప్పులు విప్పించి ప్లాస్టిక్ సంచిలో వేసి చేతికిస్తారు. మధ్యలో బస్సు ఆగినప్పుడు తొడుక్కోవడానికి ఉమ్మడి చెప్పుల బుట్ట ఒకటి తలుపు దగ్గర పెడతారు. ఎక్కువ బస్సుల్లో మరుగుదొడ్డి ఉండదు. మూడు నాలుగు గంటలకొకసారి హోటల్ దగ్గర ఆపుతారు. ఏసీ చలి గట్టిగా ఉంటుంది, హారన్ మోత రాత్రంతా వినిపిస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికో అయిదింటికో గమ్యం చేరుస్తారు, హోటల్ గది చేతికి వచ్చేది మాత్రం మధ్యాహ్నం రెండింటికి. ఈ మధ్య ఉండే తొమ్మిది పది గంటల్లోనే అక్కాతమ్ముళ్ల మధ్య అసలైన గొడవలు జరుగుతాయి. కడుపులో ఆకలి, కళ్లలో నిద్ర, వీపు మీద బరువు ఉన్నప్పుడు ఎవరూ మర్యాదగా మాట్లాడలేరు.

అందుకే రాత్రి బస్సు దిగే ఊళ్లో ముందు రాత్రికి కూడా గది తీసుకోండి, లేదా పొద్దున్నే గది ఇస్తారా అని హోటల్ వారిని సందేశం పంపి అడగండి. ఇద్దరికీ కలిపి పన్నెండు వందల నుంచి పద్దెనిమిది వందల రూపాయలు అదనంగా ఖర్చవుతాయి. ఈ ఖర్చును వృథా అనుకుని వదిలేసినవారు చాలామంది ఆ మరుసటి రోజంతా నష్టపోయారు.

మూడు వారాలకు నేను వేసే దారి ఇది. హనోయ్‌లో మూడు రాత్రులు ఉండండి. అక్కడి నుంచి తొంభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న నిన్ బిన్‌కు పగటి బస్సులో రెండు గంటల్లో చేరుకుని రెండు రాత్రులు గడపండి. నిన్ బిన్ నుంచి ఫొంగ్ న్యాకు మొదటి రాత్రి బస్సు, సుమారు ఎనిమిది గంటలు. ఫొంగ్ న్యాలో రెండు రాత్రులు ఉండి, పగటి బస్సులో నాలుగైదు గంటల్లో హ్యూ చేరండి. హ్యూలో రెండు రాత్రులు, ఆ తరువాత హోయ్ ఆన్‌లో నాలుగు. హోయ్ ఆన్ నుంచి న్యా చాంగ్‌కు రెండో రాత్రి బస్సు. దూరం అయిదు వందల కిలోమీటర్ల పైమాటే, పదకొండు పన్నెండు గంటలు పడుతుంది. న్యా చాంగ్‌లో రెండు రాత్రులు, పగటిపూట కొండ దారిలో నాలుగు గంటలు వెళ్లి దా లాత్‌లో రెండు, చివరిగా పగలే ఏడెనిమిది గంటలు ప్రయాణించి హో చి మిన్ సిటీలో రెండు.

సాపా, హా జాంగ్, మెకాంగ్ డెల్టా ఈ జాబితాలో లేవని మీరు గమనించి ఉంటారు. కావాలనే వదిలేశాను. ఉత్తరాన సాపాకు, దక్షిణాన మెకాంగ్ డెల్టాలోని కన్ థోకు పోయిరావడానికి అదనంగా వారం కావాలి. ఆ వారం మీ దగ్గర లేదు. ఉన్న మూడు వారాల్లోనే వాటిని ఇరికిస్తే రాత్రి బస్సులు నాలుగైదు అవుతాయి, మళ్లీ మొదటికే వస్తాము.

ఒక చోట మాత్రం బస్సు మానుకోమంటాను. హ్యూ నుంచి దానాంగ్‌కు రైలులో వెళ్లండి. బస్సులు 2005లో తెరిచిన హాయ్ వాన్ సొరంగం గుండా వెళ్లిపోతాయి. ఆరు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ సొరంగంలో చూడడానికి ఏమీ ఉండదు. రైలు మాత్రం కొండ అంచున, కింద సముద్రం కనిపిస్తుండగా మెలికలు తిరుగుతూ వెళుతుంది. రెండున్నర, మూడు గంటల ప్రయాణం. ఆ దారి పొడవునా నేను కిటికీ నుంచి కళ్లు తిప్పలేదు. రైలెక్కేటప్పుడు ఎడమ వైపు కూర్చోండి, సముద్రం అటే ఉంటుంది. దానాంగ్ నుంచి హోయ్ ఆన్ ముప్పై కిలోమీటర్లు, గ్రాబ్ యాప్‌లో కారు దొరుకుతుంది.

టికెట్ల సంగతి. వెసెరే అనే యాప్‌లో చాలా బస్సుల వేళలు, ధరలు, ఏ పడక ఖాళీగా ఉందన్నది కనిపిస్తాయి. దక్షిణాన, ముఖ్యంగా దా లాత్, హో చి మిన్ సిటీ మధ్య, ఫువాంగ్ చాంగ్ వారి నారింజ రంగు బస్సులు విరివిగా తిరుగుతాయి. హాస్టల్ వారి ద్వారా కొన్నా తప్పులేదు. కాస్త ధర పెరిగినా, వారే బస్సు వారికి ఫోన్ చేసి మిమ్మల్ని ఎక్కించే పూచీ తీసుకుంటారు. ఎక్కడ కొన్నా మూడు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోండి: ఎక్కే చోటు కచ్చితంగా ఎక్కడ, దిగే చోటు ఎక్కడ, పడక ఏది.

దిగే చోటు విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. ఫొంగ్ న్యాకని అమ్మిన టికెట్ మీద వెళ్లే బస్సు నిజానికి దొంగ్ హోయ్‌లోనో, పెద్ద రహదారి పక్కనో దింపవచ్చు. దొంగ్ హోయ్ నుంచి ఫొంగ్ న్యా ఊరికి సుమారు నలభై అయిదు కిలోమీటర్లు. తెల్లవారుజామున చీకట్లో రోడ్డు పక్కన నిలబడి బేరమాడే పరిస్థితి రాకూడదంటే, ఊరి నడిమధ్య దాకా వెళ్లే బస్సేనా అని హాస్టల్ వారిని ముందే అడగండి. మరో సంగతి: 2025 జూలై 1 నుంచి వియత్నాం తన 63 ప్రాంతాలను కలిపి 34గా కుదించింది. హోయ్ ఆన్ ఇప్పుడు దానాంగ్ పరిధిలో, ఫొంగ్ న్యా క్వాంగ్ చీ పరిధిలో ఉన్నాయి. పాత వివరాలలో ఒక పేరు, కొత్త టికెట్ మీద మరో పేరు కనిపిస్తే కంగారు పడకండి.

పడకల ఎంపికలో నా సలహా: పై అంతస్తులో ఊపు ఎక్కువ, కింది అంతస్తులో కాళ్ల చప్పుడు ఎక్కువ. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు కింద, బస్సు మధ్యభాగంలో పడుకోవాలి. పాతరకం బస్సుల్లో చిట్టచివర అయిదు పడకలు పక్కపక్కనే ఉంటాయి. ఆలస్యంగా కొన్నవారికి అవే మిగులుతాయి. ఒక పక్కన తమ్ముడున్నా మరో పక్కన అపరిచితుడు ఉంటాడు కాబట్టి అవి వద్దు. కొత్తరకం క్యాబిన్ బస్సుల్లో ఒక్కొక్కరికీ తెర ఉన్న చిన్న గది ఉంటుంది, కొంత ఎక్కువ ధరకు పొడుగు కూడా ఎక్కువ ఉంటుంది. ఇద్దరు పట్టే జంట క్యాబిన్లు కూడా ఉన్నాయి. అక్కాచెల్లెళ్లకు అది బాగుంటుంది. మీ ఇద్దరికీ విడి క్యాబిన్లే సౌకర్యం. పాస్‌పోర్టు, ఫోను, డబ్బు కింద పెట్టెలో పెట్టే సంచిలో వేయకండి, తలకింద కూడా పెట్టకండి. ఒంటికి కట్టుకునే పర్సులో దుస్తుల లోపల ఉంచుకోండి. రాత్రి బస్సుల్లో నిద్రపోయినవారి చిన్న సంచుల నుంచి డబ్బు పోవడం అక్కడ వింటూనే ఉంటాము. బెల్టు ఉంటే తప్పక పెట్టుకోండి.

ఇక మీరు అసలు భయపడుతున్న విషయానికి వస్తాను.

తోబుట్టువులతో వెళ్లడంలో ఉన్న పెద్ద సౌలభ్యం, ఒకరి స్వభావం ఒకరికి కొత్తగా తెలుసుకోవలసిన అవసరం లేకపోవడం. కష్టం కూడా అక్కడే ఉంది. ఇంట్లో మీరు పెద్దవారు కాబట్టి అన్నీ మీరే చూసుకుంటారు, అతను చూపించిన చోట కూర్చుంటాడు. ఈ అలవాటు చెప్పకుండానే విమానం ఎక్కుతుంది. మూడో రోజుకల్లా టికెట్లు, గదులు, దారులు, డబ్బు లెక్క అన్నీ మీ తలమీదే ఉంటాయి. అతను ఫోన్ చూసుకుంటూ బస్సు కోసం ఎదురుచూస్తుంటాడు. మీకు కోపం వస్తుంది. అతనికి కోపం ఎందుకో అర్థం కాదు, ఎందుకంటే ఎవరూ అతనికి పని అప్పగించలేదు.

దీనికి నేను చూసిన మందు ఒక్కటే. పనులను కాదు, దూరాలను పంచుకోండి. హనోయ్ నుంచి నిన్ బిన్ మీది, నిన్ బిన్ నుంచి ఫొంగ్ న్యా అతనిది, అలా చివరిదాకా. ఎవరి వంతు దూరానికి వారే బస్సు ఎంచుకోవాలి, టికెట్ కొనాలి, ఎక్కే చోటు కనుక్కోవాలి, మధ్యలో ఆగినప్పుడు మెలకువగా ఉండాలి, దిగిన చోట గది వెతకాలి. రెండోవారు అడిగితే తప్ప సలహా చెప్పకూడదు. ఈ చివరి షరతు పెద్దవారికి ఎంత కష్టమో నాకు తెలుసు. మా చెల్లెలు తన వంతు వచ్చినప్పుడు, వేగంగా వెళ్లే బస్సును కాదని, దారిలో ప్రతి ఊళ్లోనూ ఆగే బస్సును ఎంచుకుంది. కిటికీ పక్కన కూర్చుని ఊళ్లు చూడాలన్నది ఆమె కోరిక. రెండు గంటలు ఆలస్యమైంది. కానీ బస్సులో సరుకులతో ఎక్కే రైతులను, బడి పిల్లలను, కోళ్ల గంపలను ఆ రోజే దగ్గరగా చూశాము. ఆ రోజు తరువాత మార్గం గురించి ఆమె మాట్లాడే తీరే మారింది. తన అభిప్రాయానికి విలువ ఉందని తెలిసిన మనిషి బాధ్యత తీసుకుంటుంది.

డబ్బు విషయం ఇంకా సున్నితమైనది, ఎందుకంటే సంపాదన మీ ఒక్కరిదే. ఖర్చంతా మీ చేతిమీదుగానే పెడితే అతను ప్రతి చిన్నదానికీ మీ ముఖం చూడవలసి వస్తుంది. పెద్ద పిల్లలకు అది చిన్నతనంగా ఉంటుంది. అడగలేక ఊరుకుంటారు, ఊరుకున్నది మరో రూపంలో బయటికి వస్తుంది. మీరు పెట్టదలచిన మొత్తంలో అతని వాటాను ప్రయాణానికి ముందే అతని చేతికి ఇచ్చేయండి. ఇది అప్పా, కానుకా అన్నది కూడా ఇంట్లోనే తేల్చుకోండి. అక్కడ చేరాక ఇద్దరూ సమానంగా కొంత తీసి ఉమ్మడి పర్సులో వేయండి. గదులు, బస్సులు, ప్రవేశ రుసుములు అందులోంచి. తిండి, కొనుగోళ్లు ఎవరివి వారివి. మీరు వియత్నాం కరెన్సీలో నలభై వేల డాంగుల కూరగాయల అన్నం తిన్న రోజు అతను రెండు లక్షల డాంగుల చేపల భోజనం చేసినా, అది మాట్లాడుకోవలసిన విషయం కాకుండా పోతుంది.

వారానికి రెండు పూటలు విడివిడిగా తిరగండి. న్యా చాంగ్‌లో మా చెల్లెలు సముద్రపు ఒడ్డు వదిలి రానంది, నేను పో నగర్ గోపురాలు చూడాలన్నాను. ఎవరి దారిన వారు వెళ్లి సాయంత్రం భోజనానికి కలుసుకున్నాము. ఆ రాత్రి చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా కొత్త సంగతులు ఉన్నాయి. పగలూ రాత్రీ ఒక్కచోటే ఉండేవారికి ఆ అవకాశం ఉండదు. అలా విడిపోయేటప్పుడు కలుసుకునే చోటు, వేళ ముందే అనుకోండి. ఇద్దరి ఫోన్లలోనూ విడి విడి సిమ్‌లు ఉండాలి. ఒకరి ఫోన్ నుంచి మరొకరు నెట్ వాడుకునే ఏర్పాటు విడిపోయిన క్షణంలోనే పనికిరాకుండా పోతుంది.

గది తీసుకునేటప్పుడు రెండు విడి మంచాలు ఉన్నదే అడగండి. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కలిసి వస్తే దంపతులనుకుని పెద్ద మంచం ఉన్న గది ఇవ్వడం అక్కడ మామూలే. బుకింగ్ సమయంలోనే రెండు మంచాల గది ఎంచుకుని, సందేశంలో కూడా రాయండి. మీ సంబంధం గురించి ఎవరూ ఆరా తీయరు. పాస్‌పోర్టులు మాత్రం బస నమోదు కోసం తీసుకుంటారు. నమోదు కాగానే వెనక్కి అడిగి తీసుకోండి.

బైక్ విషయంలో మీ మాటే సరైనది, అయితే భయం వల్ల కాదు, చట్టం వల్ల. మన దేశంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చిన పర్మిట్‌ను. అంటే మీ తమ్ముడి జేబులో హైదరాబాద్‌లో తీసుకున్న పర్మిట్ ఉన్నా, అక్కడి చట్టం దృష్టిలో అతనికి లైసెన్సు లేనట్లే. అద్దెకిచ్చేవారు ఇదేమీ అడగరు, బండి తాళం చేతిలో పెడతారు. ప్రమాదం జరిగితే మాత్రం బీమా సంస్థ లైసెన్సు లేదన్న కారణంగా ఆసుపత్రి ఖర్చు ఇవ్వదు. అతనికి నచ్చజెప్పేటప్పుడు ఈ కారణమే చెప్పండి. అక్క భయపడుతోందని వద్దంటే ఒప్పుకోడు, బీమా రాదని తెలిస్తే ఆలోచిస్తాడు. సరదా తీరాలంటే నడిపేవారి వెనక కూర్చుని వెళ్లే పద్ధతి ఉంది. నిన్ బిన్‌లో, హోయ్ ఆన్‌లో సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. వరిచేల మధ్య ఆ సైకిలు ప్రయాణం ఇద్దరికీ నచ్చుతుంది.

వీసా గురించి క్లుప్తంగా. మనకు ఈ-వీసా కావాలి. 2023 ఆగస్టు 15 నుంచి అది తొంభై రోజుల వరకు ఇస్తున్నారు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. ప్రభుత్వ వెబ్‌సైటులోనే దరఖాస్తు చేయండి, అలాంటి పేరుతోనే ఉండే ఏజెంట్ల సైట్లు చాలా ఉన్నాయి. మన తెలుగువారికి పేరు దగ్గర తంటా వస్తుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఉంటుంది, కొందరికి అంతా ఒకే గడిలో ఉంటుంది. అక్కాతమ్ముళ్ల మధ్య కూడా తేడా ఉండవచ్చు. పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరుసల్లో పేరు ఎలా ఉందో చూసి అచ్చంగా అలాగే ఇవ్వండి. వీసా వచ్చాక ప్రతి అక్షరం, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు ఇద్దరూ ఒకరిది ఒకరు సరిచూడండి. వేరేవారి కాగితంలో తప్పు కనిపించినంత సులువుగా మన కాగితంలో కనిపించదు.

కాలం విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. వారి చాంద్రమాన కొత్త సంవత్సరం తెత్ జనవరి 21, ఫిబ్రవరి 20 మధ్య ఎప్పుడైనా వస్తుంది. ఆ పండుగకు ముందూ వెనకా కలిపి రెండు వారాల పాటు దేశమంతా సొంత ఊళ్లకు కదులుతుంది. మన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోస్తాకు బస్సు దొరకడం ఎలా ఉంటుందో అక్కడా అంతే. ధరలు పెరుగుతాయి, పడకలు దొరకవు, చాలా హోటళ్లు, దుకాణాలు మూసేస్తారు. ఆ ఏడాది తేదీ చూసుకుని, రద్దీ తగ్గే ఫిబ్రవరి చివరి వారంలో బయలుదేరండి. అప్పటికి హనోయ్‌లో తుంపర, చిన్న చలి ఉంటాయి, ఒక స్వెటర్ చాలు. మధ్య ప్రాంతంలో హ్యూ, హోయ్ ఆన్‌లను ముంచే వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. మార్చికి ఆ బాధ ఉండదు. న్యా చాంగ్, దా లాత్ మధ్య కొండ దారిలో వానలప్పుడు చరియలు విరిగిపడతాయి కాబట్టి ఏ కాలంలోనైనా ఆ దారిని పగలే దాటండి. దా లాత్ పదిహేను వందల మీటర్ల ఎత్తున ఉంది. రాత్రిళ్లు చలిగా ఉంటుంది, అదే స్వెటర్ అక్కడా పనికొస్తుంది.

శాకాహారం గురించి మీరు పడుతున్నంత బెంగ అక్కరలేదు. శాకాహారానికి అక్కడ చాయ్ అంటారు. కామ్ చాయ్ అని బోర్డు ఉన్న చోట బౌద్ధుల శాకాహార భోజనం దొరుకుతుంది. అన్నం, టోఫు, ఆకుకూరలు, పుట్టగొడుగులు. చాంద్రమానం ప్రకారం పాడ్యమి, పున్నమి రోజుల్లో మామూలుగా మాంసం తినేవారు కూడా శాకాహారమే తింటారు కాబట్టి ఆ రోజుల్లో ఇలాంటి హోటళ్లు కిటకిటలాడతాయి. హ్యూ బౌద్ధ మఠాల ఊరు, నాకు బాగా నచ్చిన శాకాహార భోజనం అక్కడే దొరికింది. మామూలు హోటల్లో మాత్రం కూరగాయల వేపుడులోనూ చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం, అంటే న్యుయక్ మామ్, పోస్తారు. కూరగాయలు కావాలని అడిగితే సరిపోదు, చాయ్ అన్న మాటే వాడాలి. ఫోన్‌లో వియత్నామీస్‌లో రాసిపెట్టుకుని చూపించండి. రాత్రి బస్సులు ఆగే హోటళ్లలో శాకాహారం దొరకదనే అనుకుని అరటిపళ్లు, రొట్టెలు దగ్గర ఉంచుకోండి. కందిపొడి, కారప్పొడి చిన్న పొట్లాలుగా తీసుకెళితే వేడి అన్నం ఎక్కడైనా దొరుకుతుంది.

ఖర్చు అంచనా. ప్రస్తుతం రూపాయికి సుమారు మూడు వందల డాంగులు వస్తాయి. నేను చెప్పిన దారిలో బస్సులకు, ఆ ఒక్క రైలుకు కలిపి మనిషికి పద్దెనిమిది నుంచి ఇరవై రెండు లక్షల డాంగులు, అంటే ఆరేడు వేల రూపాయలు అవుతాయి. రెండు మంచాల గది ఇద్దరికీ కలిపి రోజుకు పన్నెండు వందల నుంచి పద్దెనిమిది వందల రూపాయల్లో శుభ్రమైనది దొరుకుతుంది. తిండి, ప్రవేశ రుసుములు కలుపుకుని, విమానం కాకుండా, మనిషికి రోజుకు రెండు వేల నుంచి రెండున్నర వేలు పెట్టుకుంటే ఇబ్బంది పడరు. నోట్లు ఇచ్చేటప్పుడు చూసి ఇవ్వండి: ఇరవై వేల నోటు, అయిదు లక్షల నోటు రెండూ నీలంగానే ఉంటాయి. అయిదు లక్షల నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకోవడం మేలు.

హోయ్ ఆన్‌లో నాలుగు రాత్రులు ఎందుకని మీరు అడగవచ్చు. అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో ‘మీ సన్’ అనే పాత గుళ్ల సముదాయం ఉంది. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ అనే, మధ్య వియత్నాంలోని పాత హిందూ రాజ్యం చంపాకు చెందిన రాజు భద్రేశ్వరుడి పేరిట శివాలయం నెలకొల్పిన చోటు అది. పదమూడో శతాబ్దం వరకు అక్కడ ఇటుక గుళ్లు కడుతూనే వచ్చారు. సంస్కృత శాసనాలు, పానవట్టాలు, లింగాలు చూసినప్పుడు తెలుగువారికి కలిగే ఆత్మీయత మరో దేశపు యాత్రికుడికి కలగదు. 1969లో అమెరికా బాంబుదాడిలో ప్రధాన గోపురం కూలిపోయింది. మన పురావస్తు సర్వేక్షణ శాఖ వారు 2017 నుంచి అక్కడి కొన్ని ఆలయ సముదాయాలను పునరుద్ధరించారు. ఆ పనిలోనే 2020లో ఏకశిలా ఇసుకరాతి శివలింగం బయటపడింది. పొద్దున్నే, ఎండ ముదరకముందే వెళ్లండి. దానాంగ్‌లోని చంపా శిల్పాల మ్యూజియం కూడా చూస్తే ఆ గుళ్లలో ఇప్పుడు ఖాళీగా ఉన్న చోట్ల ఒకప్పుడు ఏముండేవో ఊహించుకోవచ్చు. మీ తమ్ముడికి గుళ్ల మీద ఆసక్తి లేకపోతే ఇది విడివిడిగా తిరిగే పూటల్లో ఒకటి చేసుకోండి. నాలుగు రాత్రులు ఉండమనడానికి మరో కారణం, రెండో రాత్రి బస్సుకు ముందు ఒళ్లు కుదుటపడాలి. హ్యూలో మా చెల్లెలికి జ్వరం వచ్చినప్పుడు హోయ్ ఆన్‌లో ఉన్న ఆ ఖాళీ రోజులే మమ్మల్ని ఆదుకున్నాయి. హ్యూలో రెండు రోజులు ఎక్కువ ఆగినా తరువాతి టికెట్ ఏదీ వృథా కాలేదు. టికెట్లు రెండు మూడు రోజుల ముందు మాత్రమే కొనండి, మొత్తం దారికి ఇంట్లో కూర్చుని కొనకండి.

చివరిగా అమ్మానాన్నల సంగతి. వారికి భరోసా ఇచ్చేది క్రమమే కానీ మీ మాటలు కాదు. ఊళ్ల వరుస, తేదీలు, హోటళ్ల పేర్లు రాసిన కాగితం ఇంట్లో ఇచ్చి వెళ్లండి. బస్సు ఎక్కగానే ఆ బస్సు నంబరు ప్లేటు ఫోటో, చేరే వేళ ఇంటికి పంపండి. దిగాక మరో సందేశం. ఆ దూరం ఎవరి వంతో వారే పంపాలి. అక్కడి కాలం మనకంటే గంటన్నర ముందుంటుంది కాబట్టి, మీరు అయిదింటికి దిగి పంపిన సందేశం ఇంట్లో మూడున్నరకు చేరుతుంది. ఆ వేళ ఫోన్ మోగించకుండా సందేశం మాత్రమే పెట్టండి. అత్యవసర నంబర్లు పోలీసుకు 113, అంబులెన్సుకు 115. భారత రాయబార కార్యాలయం హనోయ్‌లో, కాన్సులేట్ హో చి మిన్ సిటీలో ఉన్నాయి. వాటి ఫోన్ నంబర్లు మీ ఇద్దరి ఫోన్లలోనూ, ఇంట్లో ఇచ్చే ఆ కాగితం మీదా రాసి ఉంచండి. ప్రయాణ బీమా పత్రం నకలు కూడా వారి దగ్గర ఒకటి ఉండాలి, ఎందుకంటే అవసరం పడినప్పుడు బీమా సంస్థతో మాట్లాడే పని మన దేశంలో ఉన్నవారికే తేలిక.

మీ తమ్ముడి ఎత్తు, విమానం దిగే తేదీ చెబితే ఆ రెండు రాత్రి బస్సులకు ఏ రకం పడక తీసుకోవాలో, ఏ రోజున వెళ్లాలో కూడా రాస్తాను.